చలికి పట్టని గేరు

మా బాపు ఎవరికీ ఏ పనికీ వద్దు అని చెప్పేవారు కాదు. ఆ మాట మా ఇంట్లో వాడుకలో లేదు. ఇష్టం లేని పనికి ఆయన ఒక షరతు పెట్టేవారు. ఆ షరతు తీరేది కాదు, పని దానంతట అదే ఆగిపోయేది. మా చెల్లెకు భూపాలపల్లి దగ్గరి ఒక ఊళ్ళో ప్రైమరీ స్కూలు టీచరుగా ఆర్డరు వచ్చినప్పుడు కూడా అట్లాగే చేశారు. కాగితం చదివి, మడతలు సరిచేసి, ఆమె చేతికే తిరిగి ఇచ్చారు.

"మనింటి ఆడపిల్ల బస్సులల్ల నిలబడి నౌకరికి పోదు బిడ్డా. కార్ల పో. కార్ల పొయ్యి చేరు," అన్నారు.

మా దిక్కు ఉద్యోగాన్ని నౌకరి అంటారు. ఇంట్లో పనిచేసేవాణ్ణి నౌకరు అంటారు. బాపుకు ఆ రెండు మాటలకూ పెద్ద తేడా కనిపించేది కాదు. మనింట్ల నౌకర్లు ఉంటరు గని నౌకరి చేసేటోళ్ళు ఉండరు అని అమ్మ బతికి ఉన్నప్పుడు అంటుండేవారు. అప్పటికే నేను మానుకోటలో ఒక బియ్యం మిల్లు ఆఫీసులో గుమస్తాను. ఎవరైనా చుట్టాలు అడిగితే "మిల్లు చూసుకుంటడు" అని చెప్పేవారు. నేను దాన్ని సరిదిద్దలేదు.

ఆ ఏడాదే, ఆర్డరుకు ముందే, అమ్మ పోయింది. తర్వాత సీలింగు చట్టం కింద భూమి పోయింది. రెండింటి కాగితాల మీదా నేనే సంతకాలు పెట్టాను. రెండుసార్లూ చెయ్యి వణకలేదు. మనిషి గట్టివాడని ఊళ్ళో అనుకున్నారట. గట్టిదనం కాదు అది. లోపల ఏమీ కదలలేదు, అంతే.

కారు సంగతి చెప్పాలి. పోలీసు యాక్షన్ తర్వాత జాగీరు పోయిన ఒక నవాబు ఇంటి నుంచి మా తాత దాన్ని హైదరాబాదులో కొన్నాడు. అమెరికా కారు. దానికి క్లచ్ ఉండదు, చేత్తో మార్చే గేర్లు ఉండవు. స్టీరింగు పక్కన చిన్న పుల్ల ఉంటుంది, దాన్ని ఒకసారి కిందికి లాగి యాక్సిలరేటరు తొక్కితే గేర్లు వాటంతట అవే మారుతాయి. కారుతో పాటే నవాబు దగ్గరి డ్రైవరు కూడా మా ఊరికి వచ్చాడు. కొడకండ్ల అవతల మా ఎర్రమట్టి ఊరు ఆయనకు ఏనాడూ నచ్చలేదు. కాని కారును విడిచి పోలేకపోయాడు.

అరవై తొమ్మిదిలో చెల్లె హనుమకొండలో కాలేజీలో చేరి ఉంది. తెలంగాణ ఉద్యమం మొదలై కాలేజీలు మూతపడ్డాయి. మా నౌకరీలు మాకే ఇయ్యాలె అని ఆడపిల్లలు కూడా ఊరేగింపులు తీశారు. అందులో మా చెల్లె ఉందని ఎవరో బాపు చెవిన వేశారు. ఆయన కారు తీసుకొని పోయి ఆమెను వెంటపెట్టుకొని వచ్చారు. దారిలో రాళ్ళు పడతాయన్న భయంతో ఆ సాయంత్రమే కారును షెడ్డులో పెట్టించారు. ఆ తర్వాత అది బయటికి రావడం బాగా తగ్గిపోయింది. తీసినప్పుడల్లా కొత్త జబ్బు ఒకటి కనిపించేది. చలికాలం పొద్దున ఇంజను స్టార్టు అవుతుంది, మోగుతుంది, కాని గేరు పట్టదు. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను అరుస్తుంది, కారు ఉన్నచోటే ఉంటుంది. ఎండ ఎక్కి, లోపల వేడెక్కితే మెల్లగా పడుతుంది. అప్పుడు ఏ జబ్బూ లేనట్టు నడుస్తుంది.

"గాడిది గాదు చిన్నదొరా, ఏనుగు, హాథీ," అనేవాడు డ్రైవరు. "హాథీ లేవాల్నంటె టైం పడ్తది. జర సబర్ చెయ్యాలె."

ఆర్డరు శుక్రవారం పొద్దుగూకే వేళ చేతికి వచ్చింది. సోమవారం మధ్యాహ్నం లోపల చేరాలి, లేకపోతే ఆ పోస్టు మరొకరికి పోతుంది. శనివారం ఆడపిల్లను ఇల్లు దాటించరు, ఆదివారం అమావాస్య, బాపు గడప దాటనివ్వరు. మిగిలింది సోమవారం పొద్దున. జనగామ మీదుగా హనుమకొండ, పరకాల దాటి పోవాలంటే చీకట్లోనే బయల్దేరాలి. చీకట్లో, పుష్యమాసం చలిలో, ఆ కారు కదలదు. ఇది బాపుకు తెలుసు. చెల్లెకూ తెలుసు.

ఆమె ఏడవలేదు. వంటింట్లోకి వచ్చి నన్ను అడిగింది.

"అన్నా, బాపు పొమ్మన్నట్టా, వద్దన్నట్టా?"

"కార్ల పొమ్మన్నరు."

"నువ్వు గుడ అట్లనే మాట్లాడుతవు," అంది. "సరే. కారు బాగుచేపియ్యి."

శనివారం నేను జనగామలో రైలెక్కి సికింద్రాబాదు పోయాను. ఆ గేరుబాక్సుకు ఎర్ర రంగు నూనె పోస్తారు. మామూలు ఇంజను ఆయిలు పనికిరాదు. నూనె పాతబడి ఉంటుంది, మారిస్తే బాగుపడుతుందేమో అన్నది నా ఆలోచన. స్పేరు పార్టుల దుకాణంలో కౌంటరు దగ్గరి మనిషి కోస్తా వైపువాడు. "పొద్దుగాల గేరు పడ్తలేదు" అని చెప్పాను. అతను పక్కన ఉన్నవాడి వైపు తిరిగి "గేరు పడ్తలేదంట" అని నా యాసలోనే అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేను నిటారుగా నిలబడి నూనె డబ్బాలు అడిగాను. రెండు దొరికాయి, తెచ్చాను.

ఆదివారం డ్రైవరు కారు కడిగి, బానెట్ ఎత్తి, గేరుబాక్సు నూనె చూసే పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి నాకు చూపించాడు. నూనె పై గీత దాకా ఉంది.

"చూసిన్రా, నిండుగున్నది. ఇంక పోస్తె సీళ్ళు పలుగుతయి. నా జిందగీల గీ పుల్ల ఎన్నడు తక్కువ చూపియ్యలె."

అతను చెప్పింది నిజమే. పుల్ల ఎప్పుడు తీసినా నిండుగానే ఉండేది. డబ్బాలు డిక్కీలో పెట్టించాను.

ఇక్కడ మా ఇంటి నియమం ఒకటి చెప్పాలి. కారు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఇంజను నడుస్తుండగా మా పెద్దబాపు లోపలికి వంగి చూడబోయాడు. భుజం మీది కండువా ఫ్యానులో చిక్కింది. కండువాను వదలకుండా పట్టుకున్నందుకు రెండు వేళ్ళు పోయాయి. ఇంజను తిరుగుతుండగా బానెట్ ఎత్తకూడదని తాత ఆ రోజు చెప్పాడు. తాత చెప్పిన మాటల్లో మా ఇంట్లో చివరిదాకా నిలిచింది అదొక్కటే. డ్రైవరు దాన్ని నమాజు తప్పనట్టు పాటించేవాడు. నీళ్ళు చూడాలన్నా, నూనె చూడాలన్నా ముందు ఇంజను ఆపేవాడు, తర్వాతనే బానెట్.

సోమవారం చీకటితో లేచాం. బాపు వాకిట్లోకి రాలేదు. కిటికీ వెనక దీపం ఉంది. ఇన్నాళ్ళు పడి ఉన్న కారు గనుక బ్యాటరీ నీరసంగా ఉంది, ఇంజను మూలిగి మూలిగి చివరికి అందుకుంది. "ఇగ దీన్ని బంద్ చేసుడు లేదు. బంద్ చేస్తె మళ్ళ లేవది," అన్నాడు డ్రైవరు. చెల్లె ట్రంకు పెట్టెను అతనే డిక్కీలో పెట్టాడు. ఆమె వెనక సీట్లో ఒక వైపు, నేను ఇంకో వైపు కూర్చున్నాం. ఇంజను అరుస్తోంది, కారు కదలదు. ఊళ్ళో ఒక్కొక్క తలుపు తీసిన చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ బయటికి వచ్చి అడగలేదు. వెనకటి రోజుల్లో అయితే ఒక్క కేక వేస్తే పదిమంది వచ్చి నిలబడేవాళ్ళు. తూర్పు తెల్లబడ్డాక కారు ఒక్కసారి ఊగి, నత్తలాగా ముందుకు జరిగింది. షెడ్డు నేల ఎప్పటిలాగే ఎర్రగా, అక్కడక్కడ తడిగా ఉంది. ఎర్రమట్టి గనుక ఎవరూ పట్టించుకోలేదు.

జనగామ దగ్గర రైల్వే గేటు పడి ఉంది. మేం ఆగాం. గూడ్సు బండి పోయింది, గేటు లేచింది. మా ముందున్న ఎడ్లబండి పోయింది. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కాడు. ఇంజను అరిచింది. కారు అక్కడే ఉంది.

వెనక లారీ హారన్ కొట్టింది. జనం చేరారు. గేటు పక్కన లారీలు బాగుచేసే షెడ్డు ఒకటి ఉంది. అందులోంచి మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు.

"ఏది, గేరు పుల్ల? ఏది, క్లచ్? రెండు లేవు. మరి నువ్వేం చేస్తవు సాబ్ లోపట కూసోని? హారన్ కొడ్తవా?"

"దూరం నిలబడు. గిది లారీ గాదు," అన్నాడు డ్రైవరు.

"లారీ అయితె ఈపాటికి హనుమకొండల ఉండు."

జనం నవ్వారు. అందులో నడివయసు మనిషి ఒకడు నా వైపు కిటికీ దగ్గరికి వచ్చాడు. మా ఊరి పక్క ఊరివాడు, ముఖం తెలుసు.

"తొయ్యాల్నా దొరా? మా నాయిన తోసిండు గీ బండిని, వాగు కాడ. అప్పుడు అడగలె, తోపిచ్చుకున్నరు. ఇప్పుడైతె అడగాలె మరి."

"అవసరం లేదు," అన్నాను.

"అవసరం లేకుంటె మంచిదే. మాకు గుడ లారీ ఎక్కే పనున్నది."

చెల్లె నా ముఖం చూసింది. నేను ముందుకు చూస్తున్నాను.

"అన్నా, గిట్లనే కూసుంటె గేటు మళ్ళ పడ్తది."

ఆమె తలుపు తీసుకొని దిగింది. "అన్నా, జర పక్కకు తోయుండ్రి. మెకానిక్ షెడ్డు దాక," అని ఆ మనిషినే అడిగింది.

"అట్లడుగు బిడ్డా," అన్నాడతను. నలుగురైదుగురు చేతులు వేశారు. నేను దిగలేదు. వెనక సీట్లో నిటారుగా కూర్చునే ఉన్నాను. నాతో సహా కారును షెడ్డు ముందుకు నెట్టారు. వాళ్ళు నవ్వుకుంటూ తోశారు, బరువును తిట్టుకుంటూ తోశారు. నాకు సిగ్గు రావాలి. రాలేదు. అద్దంలోంచి ఎవరిదో ప్రయాణం చూస్తున్నట్టు ఉంది.

మెకానిక్ ఆయిలు చూద్దాం, ఇంజను బంద్ చెయ్యమన్నాడు.

"బంద్ చేస్తె లేవది. తోసినా స్టార్టు గాదు, గిది క్లచ్ బండి గాదు," అన్నాడు డ్రైవరు.

"అయితె నడువంగనే చూస్త."

"దొరోళ్ళింట్ల నడిచే ఇంజను మీద బానెట్ లేవది. పెద్దదొర మాట."

"పెద్దదొర ఏడున్నడు?"

"పొయ్యి ఇరవై ఏండ్లాయె."

"మరి ఎవలు తిడ్తరు సాబ్?"

డ్రైవరు బానెట్ మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. మెకానిక్ నా వైపు చూశాడు. డ్రైవరూ నా వైపు చూశాడు. అక్కడ మా ఇంటి తరఫున చెప్పాల్సిన వాణ్ణి నేనే. ఏదో ఒకటి చెప్పాలని తెలుసు. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో చూద్దామని ఆగాను, ఏదీ రాలేదు.

చెల్లె కొంగు బిగించి నడుముకు దోపుకుంది. జడను రవికె లోపలికి వేసుకుంది. "మీరు జరుగుండ్రి," అని డ్రైవరును పక్కకు జరిపి తనే బానెట్ ఎత్తింది. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ముందు రోజు డ్రైవరు చేస్తుంటే చూసింది గనుక ఆ పుల్ల ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఫ్యానుకు దూరంగా చెయ్యి పోనిచ్చి లాగింది. తుడిచి, ముంచి, మళ్ళీ తీసింది. వెలుతురుకు పట్టి చూసింది.

పుల్ల కొసన ఎర్రటి చుక్క ఒకటి వేలాడుతోంది. గీతల దగ్గర ఏమీ లేదు.

"నిన్న నిండుగుండె," అన్నాడు డ్రైవరు. "నా కండ్లతోని చూసిన. చిన్నదొర గుడ చూసిండు."

"నిన్న ఇంజను బంద్ ఉండె గద," అంది చెల్లె. కొంచెంసేపు ఆలోచించింది. "మోటరు నడుస్తుంటె బాయిల నీళ్ళు దిగుతయి. బంద్ చేస్తె పైపులున్నయన్ని మళ్ళ బాయిలనే పడుతయి. మనం ఎప్పుడు చూసినా బంద్ చేసి చూసినం. గందుకే నిండుగ కనవడ్డది."

మెకానిక్ ఆ పుల్లను తీసుకొని తనూ చూశాడు. "అట్లనే అయ్యుండాలె," అన్నాడు. "నేనైతె గేరుబాక్సు ఇప్పేసెటోన్ని. మంచిగ రెండు దినాలు నడుస్తుండె నాకు."

ఇన్నేళ్ళూ షెడ్డులో చుక్క చుక్కగా కారింది ఆ నూనెనే. ఎర్ర నూనె ఎర్ర మట్టిలో ఇంకింది. మిగిలిన కొంచెం నూనె చలికి చిక్కబడి అడుగున ఉండిపోయేది, పంపుకు అందేది కాదు. వేడెక్కి పలుచబడి పొంగినప్పుడే అందేది, ఆ పొద్దున దారిలో ఇంకొంత కారిపోయి వేడికి కూడా అందలేదు. ఇది నేను తర్వాత అర్థం చేసుకున్నది. అప్పుడు నేను చేసింది ఒక్కటే, డిక్కీలో డబ్బాలున్నాయని చెప్పడం.

మెకానిక్ డీజిలు పోసే గరాటు తెచ్చాడు. డ్రైవరు దాన్ని లాక్కొని తన రుమాలుతో లోపలా బయటా తుడిచాడు, తన చేత్తోనే పట్టుకున్నాడు. చెల్లె పోసింది. ఇంజను నడుస్తుండగానే కొంచెం పోసి, పుల్ల చూసి, మళ్ళీ కొంచెం. మొదటి డబ్బా అయిపోయి, రెండోది సగం దాటాక నూనె పై గీతకు వచ్చింది. డ్రైవరు స్టీరింగు ముందు కూర్చొని చిన్న పుల్లను లాగాడు. యాక్సిలరేటరు మీద ఇంకా కాలు పెట్టలేదు. కారు ముందుకు గుంజింది.

"హాథీకి నీళ్ళు తాపలేదు సాబ్ నువ్వు," అన్నాడు మెకానిక్.

హనుమకొండ దాకా ఎక్కడా ఆగలేదు. కారు నీళ్ళ మీద పడవలాగా పోతోంది. పరకాల దాటాక రెండు పక్కలా టేకు చెట్లు మొదలయ్యాయి. చెల్లె గోళ్ళలో ఎర్ర నూనె ఉంది, చీర కుచ్చిళ్ళ మీద ఒక మరక ఉంది. ఆమె దాన్ని కప్పుకోలేదు.

ఊరు కనిపించే చోట ఒక కల్వర్టు ఉంది. అక్కడ ఆపమంది.

"స్కూలు ఊళ్ళె ఉంటది," అన్నాను.

"ఎరికే."

"బాపు కార్ల పొయ్యి చేరుమన్నరు."

"కార్లనే వచ్చిన గద. చేరుడు నా కాళ్ళతోని చేర్త." తర్వాత కొంచెం మెత్తగా చెప్పింది. "గీ కార్ల పొయ్యి దిగితె దొరసాని అంటరు అన్నా. ఎన్నేండ్లున్నా గదే అంటరు. పంతులమ్మ అనరు."

ఒకవేళ చేర్చుకోకపోతే తిరిగి వస్తానని, పొద్దు నెత్తి మీద నుంచి వాలేదాకా చూడమని చెప్పింది. డ్రైవరు ఇంజను ఆపకుండానే దిగి డిక్కీలోంచి ట్రంకు పెట్టె తీశాడు. ఊరి దాకా తనే మోస్తానన్నాడు. "బండి నడుస్తున్నది, మీరు దాని కాడ ఉండుండ్రి," అని ఆమె అతని చేతిలోంచి తీసుకుంది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. మా ఇంట్లో మగవాళ్ళు పెట్టెలు మోయరు, ఆడవాళ్ళూ మోయరు. ఆమె కుడిచేత్తో పట్టుకొని కొంత దూరం పోయింది. తర్వాత ఎడమచేత్తో పట్టుకుంది. చింతచెట్టు దగ్గర ఆగి, కొంగును చుట్ట చుట్టి నెత్తి మీద పెట్టుకొని, దాని మీద పెట్టె పెట్టుకుంది. నాట్లకు పోయే ఆడవాళ్ళు గంపలు పెట్టుకున్నట్టే. మలుపు తిరిగాక కనిపించలేదు.

పొద్దు నెత్తి మీదికి వచ్చింది, వాలింది. రోడ్డు మీద మేకలు పోయాయి, ఒక సైకిలు పోయింది. ఆమె రాలేదు.

"చేరినట్టే," అన్నాడు డ్రైవరు. కళ్ళు తుడుచుకున్నాడు. నేను కారెక్కాను.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. కారు గేటులోంచి ఆగకుండా వచ్చి షెడ్డులో నిలిచిన చప్పుడు బాపు విన్నారు. అన్నం ముందు కూర్చున్నప్పుడు అడిగారు.

"గేరు పట్టిందా?"

"పట్టింది. నూనె తక్కువుండె."

"స్కూలు ముందట దిగిందా?"

"లేదు. ఊరి బయట్నే దిగింది."

బాపు చెయ్యి పళ్ళెంలో ఆగింది. "నడిచి పొయ్యిందా?"

"నడిచి పొయ్యింది."

"పెట్టె ఎవలు మోసిన్రు?"

"తనే మోసుకున్నది."

ఆయన పప్పులో అన్నం కలిపారు, తినలేదు.

"బరువుండెనా?" అని అడిగారు.

నేను ఎత్తి చూడలేదు, తెల్వదు అన్నాను.